బిస్కే అఖాతం, నవంబరు, అమ్మానాన్న: క్రూయిజ్ ఎక్కొచ్చా?

రీడింగ్ కుర్రాడు | అక్టోబరు 27, రాత్రి 10:12

అందరికీ నమస్తే. నేనుండేది ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో. అమ్మానాన్న జులైలో వచ్చారు, డిసెంబరు మొదటి వారంలో వెళ్ళిపోతారు. వెళ్ళేలోపు ఒక్కటైనా గట్టిగా చూపించాలని సౌతాంప్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాను. స్పెయిన్‌లో లా కొరూన్యా, పోర్చుగల్‌లో లిస్బన్, మళ్ళీ వెనక్కి. దారిలో ఫ్రాన్స్, స్పెయిన్ల మధ్యనున్న బిస్కే అఖాతం దాటాలి. బయల్దేరేది నవంబరు 15న. షెంజెన్ వీసా కోసం పడ్డ పాట్లు ఇంకెప్పుడైనా రాస్తా.

ధర చూసి ఎగిరి గంతేశాను. ఆఫీసులో చెబితే పక్క సీటాయన "నవంబర్లో బిస్కేనా?" అని టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ రాత్రి యూట్యూబ్ తెరవడం నా తప్పు. కుర్చీలు, టేబుళ్ళు, మనుషులు ఈ గోడ నుంచి ఆ గోడకి జారిపోతున్న వీడియోలు చూసి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నకి 68. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. షుగర్ ఉంది, మాత్రలు వాడతారు. అమ్మకి 62. నా టెన్షనంతా ఆవిడ గురించే. తిరుమల ఘాట్ రోడ్డులో వాంతి కాకుండా ఒక్కసారి కూడా కొండెక్కలేదు. నాన్న నడిపే బస్సులో ఎక్కినా అంతే, చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే.

ఇప్పుడు రద్దు చేస్తే సగం డబ్బు పోతుంది. మాది 12వ డెక్కు, అంటే అంతస్తు, ఓడ ముందు వైపు, బాల్కనీ. అలలు పెద్దవైనప్పుడు ఓడ లోపల అసలెలా ఉంటుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఉప్పల్ బాలు | అక్టోబరు 27, రాత్రి 10:40

పైసలు కట్టి మరీ కడుపుల తిప్పించుకునుడు ఎందుకన్నా? ఆ పైసలకు వాళ్ళను స్కాట్లాండ్ తిప్పుకొస్తే అయిపోయె.

లంగరు | అక్టోబరు 28, ఉదయం 6:05

పంతొమ్మిదేళ్ళుగా ఓడల్లో ఇంజనీరుగా చేస్తున్నాను. ఎక్కువకాలం సరుకు ఓడలు, మధ్యలో నాలుగేళ్ళు ప్రయాణికుల ఓడ. రద్దు చేయకండి, క్యాబిన్ మార్చుకోండి.

బిస్కే అలా ఉండటానికి కారణం ఉంది. అట్లాంటిక్‌లో పడమటి నుంచి వచ్చే వాయుగుండాలకి అక్కడ అడ్డేమీ లేదు. వేల కిలోమీటర్లు గాలి నీటిని తోసుకుంటూ వస్తుంది. అఖాతంలో లోతైన చోట 4,000 మీటర్ల పైమాటే. ఫ్రాన్స్ వైపు వచ్చేసరికి సముద్రపు నేల గోడలా లేచి 200 మీటర్ల లోపుకి వచ్చేస్తుంది. అంతదూరం తీరిగ్గా వచ్చిన అల అక్కడ నిటారుగా లేస్తుంది. మీరు వెళ్ళేది ఉత్తరం నుంచి దక్షిణానికి, అల వచ్చేది పడమటి నుంచి. అంటే ఓడ డొక్కలో పొడుస్తుంది. ఓడ పక్కలకి ఊగుతుంది.

పక్కల ఊపుకి మందుంది. నీటి అడుగున ఓడకి రెండు వైపులా చేప రెక్కల్లాంటివి బయటికి వస్తాయి, స్టెబిలైజర్లు అంటాం. ఓడ ఒక పక్కకి ఒరుగుతోందని గైరో అనే పరికరం పసిగట్టగానే ఆ రెక్కలు కోణం మార్చి దాన్ని వెనక్కి నెడతాయి. విమానం రెక్క గాలిలో చేసే పని ఇవి నీళ్ళలో చేస్తాయి. అందుకే ఓడ పరుగు మీద ఉంటేనే వాటికి బలం. బాగా నెమ్మదిస్తే అవీ నీరసిస్తాయి. ముక్కు లేచి పడే ఊపుకి మాత్రం వీటితో పని జరగదు.

చిన్నప్పుడు తూగుడుబల్ల ఎక్కారుగా? చివర కూర్చున్నవాడు ఆకాశానికి పోతాడు, మధ్యలో నిలబడ్డవాడు అక్కడే ఉంటాడు. 12వ డెక్కు, ముందు వైపు అంటే మీరు తూగుడుబల్ల చివర, అదీ మిద్దె మీద కూర్చున్నారు. ఐదో డెక్కులోనో ఆరులోనో, ఓడ నడుమ, కిటికీ ఉన్న గది అడగండి. బాల్కనీ కన్నా చవక. తేడా డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా సరే, మార్చుకోండి.

ఇంకోటి. వాతావరణ సూచనలో "అలలు 5 మీటర్లు" అని ఉంటే ఐదే అనుకోకండి. అన్ని అలల్లో ఎత్తయిన మూడో వంతు తీసుకుని, వాటి సగటు చెప్తారు. మధ్యమధ్యలో దానికి దాదాపు రెట్టింపు అల ఒకటీ అరా రావడం మామూలే. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో ద్రౌప్నర్ అనే గ్యాస్ ప్లాట్‌ఫారం దగ్గర దాదాపు 26 మీటర్ల అలని లేజర్ పరికరం కొలిచింది. ఆ సమయానికి సూచన లెక్కలో చెప్పే ఎత్తు సుమారు 12 మీటర్లు. ఓడ కట్టేవాడికి ఈ లెక్కలన్నీ తెలుసు. మీరు చేయాల్సిందల్లా ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీద ఉంచడం.

హ్యూస్టన్ హంస | అక్టోబరు 28, రాత్రి 7:20

ఏంటో మీరంతా ఇలా భయపెట్టేస్తున్నారు. మేము ఇక్కడ టెక్సస్‌లో గాల్వెస్టన్ నుంచి నాలుగుసార్లు వెళ్ళాం, మెక్సికోలో కోజుమెల్ అదీ చూశాం. మా అత్తగారికి 74. గ్లాసులో నీళ్ళు కదల్లేదు. ఓడ అంటే ఊరంత ఉంటుందండీ. హాయిగా వెళ్ళి రండి.

లంగరు | అక్టోబరు 29, ఉదయం 5:50

హంస గారూ, మార్చి నెల గల్ఫ్ ఆఫ్ మెక్సికో వేరు, నవంబరు బిస్కే వేరు. ఊరి చెరువులో ఈదినవాడు గోదావరి వరదకి సలహా ఇచ్చినట్టుంది. కోపం తెచ్చుకోకండి.

హ్యూస్టన్ హంస | అక్టోబరు 29, ఉదయం 6:30

తెచ్చేసుకున్నా. అయినా మార్చిలో వెళ్ళామని మీకెలా తెలుసు?

లంగరు | అక్టోబరు 29, ఉదయం 6:34

పిల్లల స్ప్రింగ్ బ్రేక్ కదండీ.

ఉప్పల్ బాలు | అక్టోబరు 29, మధ్యాహ్నం 1:15

ఇంజనీర్ సాబ్, అంతా మంచిగనే చెప్పిన్రు. మరి 2019 మార్చిల నార్వే కాడ వైకింగ్ స్కై అనే షిప్పు తుఫాన్ల ఇంజన్లు బందయి ఆగిపోయింది కదా? 479 మందిని హెలికాప్టర్లకు తాళ్ళతోని గుంజిన్రు. పైన సీలింగ్ ముక్కలు రాలుతున్న వీడియో నేను చూసిన. దానికేమంటరు?

లంగరు | అక్టోబరు 29, రాత్రి 9:10

అడగాల్సిన ప్రశ్నే. అందులో 1,373 మంది ఉన్నారు. హుస్తాద్వికా అని, నీళ్ళ కింద అంతా రాళ్ళే ఉండే తీరం. అలలు కారణమే, కానీ అసలు కథ నూనెది. ఇంజన్ల కింద లూబ్ ఆయిల్ (ఇంజన్ భాగాలు అరక్కుండా పోసే నూనె) ట్యాంకుల్లో ఉండాల్సిన దానికన్నా తక్కువ నూనె ఉంది. ఓడ విపరీతంగా ఊగేసరికి ఆ ఉన్న కాస్తా పక్కకి ఒరిగిపోయి పంపు గాలి పీల్చింది. ఒత్తిడి పడిపోయింది, ఇంజన్లు వాటంతటవే ఆగిపోయాయి. పెట్రోలు అడుగంటితే స్కూటర్ని పక్కకి వంచి స్టార్ట్ చేస్తాం చూడండి, ఇక్కడ అదే వంపు ఉన్న నూనెని పంపుకి అందకుండా చేసింది. తర్వాత ఇంజన్లు మళ్ళీ నడిచి, టగ్గు పడవల తోడుతో మోల్డే రేవుకి చేరింది. ఎవరూ చనిపోలేదు. నేనైతే ఇప్పటికీ తుఫాను కబురు రాగానే చేతిలో టీ పక్కన పెట్టి ఆయిల్ లెవెల్ చూస్తాను.

మీరు అడగలేదు కానీ, బిస్కే కథ కూడా చెప్తాను. 2023 నవంబరులో స్పిరిట్ ఆఫ్ డిస్కవరీ అనే ఓడ అక్కడే తుఫానులో చిక్కింది. సుమారు వందమందికి దెబ్బలు తగిలాయి, ఎక్కువ మందికి చిన్నవే. ఓడ మునగలేదు, మనుషులు పడిపోయారు. తుఫానులో ఓడ మునగడం చాలా చాలా అరుదు. కాలు జారడం, వేలు నలగడం మాత్రం ప్రతి తుఫానులోనూ ఉంటుంది.

బొబ్బిలి వంటోడు | అక్టోబరు 30, రాత్రి 11:45

నేను ఆరు కాంట్రాక్టులు ఓడ వంటింట్లో చేశాను. గ్యాలీ అంటారు దాన్ని, మావాళ్ళు గల్లీ చేసేశారు. "గల్లీలో డ్యూటీ" అని ఫోన్లో చెబితే మా నాన్న చాలాకాలం నేను వీధులు ఊడుస్తున్నాననుకున్నాడు.

బ్రిడ్జి (ఓడ నడిపే గది) నుంచి "రఫ్ సీ" అని ఫోనొచ్చిందంటే మా దగ్గర పెళ్ళింటి హడావిడి. గాజు గ్లాసులు స్టాండుల్లోకి పోవాలి. ప్లేట్ల దొంతర్ల కింద తడి గుడ్డలు పరవాలి, తడి గుడ్డ మీద ప్లేటు జారదు. ట్రాలీలకి బ్రేకులేసి తాళ్ళతో కట్టేయాలి. పొయ్యి చుట్టూ ఇనప కమ్మీలు బిగిస్తాం, గిన్నె అటూ ఇటూ పోకుండా. ఏ గిన్నే సగానికి మించి నింపకూడదు. సూపు మెనూలోంచి లేచిపోతుంది. నూనె మూకుళ్ళు ఆపేస్తాం. వేపుళ్ళు లేవంటే జనం అలుగుతారు గానీ, మరిగే నూనె ఒలికితే ఏమవుతుందో ఒలికించుకున్నవాడికి తెలుసు. నా ఎడమ ముంజేతి మీద ఇప్పటికీ మచ్చుంది.

మీకు వాంతులు రావా అని అందరూ అడుగుతారు. ఎందుకు రావు? బాత్రూముకి పరిగెత్తి, ముఖం, చేతులు కడుక్కుని, మళ్ళీ వచ్చి ఉల్లిపాయలు కోయాలి. మొదటి కాంట్రాక్టులో మా పైవాడు గోవా ఆయన. ఆకుపచ్చ యాపిలు ఒకటి, ఉప్పు బిస్కెట్లు రెండు చేతిలో పెట్టి "కడుపు ఖాళీగా ఉంచకు" అన్నాడు. యాపిల్లో ఏముందో తెలీదు, నాకు మాత్రం పనిచేసింది.

మా పడక గదులు నీటి మట్టానికి కాస్త అటూ ఇటూగా, నాది ముందు వైపు. ముక్కు లేచి నీళ్ళ మీద పడ్డప్పుడల్లా ఖాళీ ఇనప డ్రమ్ముని రోకలితో బాదినట్టు మోత. మొదటి రాత్రి రెండుసార్లు కింద పడ్డాను. తర్వాత ఒక సీనియర్ నేర్పాడు: లైఫ్ జాకెట్‌ని పరుపు బయటి అంచు కింద దోపితే పరుపు గోడ వైపు వాలుతుంది, ఆ సందులో ఇరుక్కుని పడుకోవాలి. మీరూ చేయండి.

గదిలో పని: హ్యాంగర్లు తీసి సొరుగులో పెట్టేయండి, లేదంటే రాత్రంతా టకటకలాడతాయి. సూట్‌కేసు మంచం కిందికి తోసేయండి. తలుపు తీసేటప్పుడు హ్యాండిలే పట్టుకోవాలి, చట్రం మీద వేళ్ళు పెట్టొద్దు. ఓడ అటు ఒరిగితే ఆ తలుపుని మీ నాన్నగారు కూడా ఆపలేరు.

ఒక్క సుఖం ఉంది అన్నా. అలాంటి రాత్రి డైనింగ్ హాలంతా ఖాళీ. కడుపు గట్టిగా ఉన్నవాళ్ళకి రాజభోగం, ఒక టేబులుకి ముగ్గురం వడ్డించేవాళ్ళం.

రాత్రి డ్యూటీ | అక్టోబరు 31, ఉదయం 4:20

వైద్యుడిని. లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది, కళ్ళు "గది కదలట్లేదు" అంటాయి. ఈ తగాదాలో బలయ్యేది కడుపు. అందుకే వీలైతే కిటికీలోంచి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చూడమంటారు. ఫోను చూడటం, పుస్తకం చదవడం ఆ సమయంలో మానేయాలి.

మందు ముందే వేసుకోవాలి, ఇదే అందరూ చేసే తప్పు. ఇంగ్లండ్‌లో స్టుగెరాన్ మందుల షాపులో దొరుకుతుంది, ఊపు మొదలయ్యే రెండు గంటల ముందు పడాలి. మన దగ్గర అవోమిన్ అందరికీ తెలిసిందే. రెండూ మత్తుగా ఉంచుతాయి. హయోసిన్ ఉన్న మాత్రలు, చెవి వెనక అంటించే పట్టీలు పనిచేస్తాయి గానీ, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్ళూ ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. మీ నాన్నగారి వయసుకి అది గుర్తుంచుకోండి. వాంతులు మొదలయ్యాక మాత్ర మింగితే అదీ బయటికే వస్తుంది. అప్పుడు ఓడ ఆస్పత్రిలో ఇంజక్షనే గతి, ఆ బిల్లు చూసి ఇంకోసారి తిప్పుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

నాకు అమ్మగారి కన్నా నాన్నగారి గురించే బెంగ. షుగరు మాత్ర వేసుకుని, తిండి కడుపులో నిలవకపోతే షుగర్ పడిపోతుంది. కొన్ని రకాల మాత్రలతో ఈ ప్రమాదం ఎక్కువ. వాంతులైన రోజు ఏ మాత్ర వేయాలో, ఏది ఆపాలో బయల్దేరే ముందే ఆయన డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. గ్లూకోమీటరు, గ్లూకోజ్ పొడి సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి.

సోంపేట తాతయ్య | అక్టోబరు 31, ఉదయం 8:00

బాబూ, మా అన్న పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డాడు. మా జిల్లా వాళ్ళు అక్కడ బోలెడుమంది. 1990ల్లో విశాఖపట్నం నుంచి హర్షవర్ధన అనే ఓడలో నాలుగుసార్లు వెళ్ళాను. రెండున్నర రోజుల ప్రయాణం. బంకు క్లాసు టికెట్టు. మీరనే బాల్కనీలు అవీ ఎరగం. డీజిలు వాసన, పప్పు వాసన, వాంతి వాసన, మూడూ కలిసి ఒకటే వాసన.

ఒకసారి నవంబరులో వెళ్ళాం. రేవులో మూడో నంబరు హెచ్చరిక దించాకే ఓడ వదిలారు. కానీ సముద్రం ఇంకా చల్లారలేదు. రెండో రాత్రి ఎవరిదో స్టీలు క్యారేజీ బంకుల కింద ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి దొర్లుతూనే ఉంది. గరగరా పోవడం, ఠంగున కొట్టుకోవడం, కాసేపు ఆగడం, మళ్ళీ గరగరా రావడం. అంతమందిమి ఉన్నాం, లేచి దాన్ని పట్టుకునే ఓపిక ఒక్కరికీ లేదు. తిట్టుకుంటూ పడుకున్నాం. తెల్లారాక చూస్తే అది మాదే. మా ఆవిడ కట్టిన పులిహోర.

బీచ్ రోడ్ | అక్టోబరు 31, ఉదయం 10:30

తాతయ్యా, పులిహోర తిన్నారా మరి?

లంగరు గారూ, మన వైజాగ్‌కి చెన్నై నుంచి వచ్చే క్రూయిజ్ కూడా ఇలాగే ఊగుతుందా? 2022 జూన్‌లో ఎంప్రెస్ ఓడ మొదటిసారి వచ్చినప్పుడు రేవు దాకా వెళ్ళి చూసొచ్చాం.

సోంపేట తాతయ్య | అక్టోబరు 31, ఉదయం 11:10

తిన్నాం నాయనా. మూత గట్టిది.

లంగరు | అక్టోబరు 31, రాత్రి 8:40

ఆ ఓడ జూన్‌లో ఎందుకొచ్చిందో చూడండి. నైరుతి రుతుపవనాలకి అరేబియా సముద్రం ఉగ్రంగా ఉంటుంది, అందుకని ముంబై వైపు తిరిగే ఓడని తూర్పు తీరానికి తెస్తారు. మనకి భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది, వైజాగ్ వాళ్ళకి నేను చెప్పాలా.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 2, సాయంత్రం 6:00

ఐదో డెక్కు, ఓడ నడుమ, గుండ్రటి కిటికీ ఉన్న గది దొరికింది. తేడా డబ్బులు ఇవ్వలేదు. బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతానని అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పేసిందట. ఒక పూట నాతో మాట్లాడలేదు.

నాన్న మాత్రల కాగితం రాయించాను. స్టుగెరాన్ అమ్మకి కొన్నాను. నాన్నకీ తీసుకుందామంటే "డ్రైవరుకి వాంతి మాత్రేంట్రా" అన్నారు.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 15, రాత్రి 8:30

ఓడ నుంచే రాస్తున్నా. వైఫై పేకేజీ ధర అడగకండి. బయల్దేరే ముందు డ్రిల్లు చేయించారు: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి వెళ్ళాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి. నాన్న శ్రద్ధగా విని, ఎమర్జెన్సీ దారి రెండుసార్లు నడిచి చూసొచ్చారు. ఇంగ్లిష్ ఛానల్ చెరువులా ఉంది. అమ్మ మూడు రకాల కేకులు తిని "దీనికా ఇంత గొడవ చేశారు?" అంది.

హ్యూస్టన్ హంస | నవంబరు 15, రాత్రి 8:50

చెప్పానా!

రీడింగ్ కుర్రాడు | నవంబరు 16, ఉదయం 11:20

హంస గారూ, ఇప్పుడే కెప్టెన్ మైకులో మాట్లాడాడు. ఈ రాత్రి గాలి ఫోర్స్ 9, అలలు ఆరేడు మీటర్లు అని వంటలో ఉప్పు ఎంత వేయాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. బయటి డెక్కులు మూసేశారు. ఈత కొలను ఖాళీ చేశారు. గంట కిందటి దాకా అందులో నీళ్ళు బకెట్టులో నీళ్ళలా ఎగిరి బయట పడుతున్నాయి. మెట్ల రెయిలింగు వెంబడి, లిఫ్టుల పక్కన వాంతి సంచులు తోరణాల్లా దోపి వెళ్ళారు. అవి చూసేదాకా నాకు బాగానే ఉంది.

అమ్మకి మధ్యాహ్నమే మాత్ర వేసేస్తా.

ఉప్పల్ బాలు | నవంబరు 16, ఉదయం 11:45

ఫోర్స్ 9 అంటే ఎంత?

లంగరు | నవంబరు 16, మధ్యాహ్నం 12:10

41 నుంచి 47 నాట్లు. గంటకి 75 నుంచి 88 కిలోమీటర్లు. బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి 1805లో మొదలుపెట్టిన కొలత, పన్నెండు దాకా ఉంటుంది. హ్యాంగర్లు తీశారా?

రీడింగ్ కుర్రాడు | నవంబరు 17, రాత్రి 2:50

తీశాను. కానీ స్నానాల గది అరలో షాంపూ సీసా మర్చిపోయా. అది పడ్డ చప్పుడుకి లేచాం.

ఎలా ఉందంటే, గది మొత్తం ఒక పక్కకి నెమ్మదిగా ఒరుగుతుంది. ఒరిగి, అక్కడే ఆగినట్టు ఉంటుంది. ఆ ఆగడం దగ్గరే గుండె జారుతుంది. తర్వాత తీరిగ్గా ఇటు వస్తుంది. గోడలన్నీ పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. గుండ్రటి కిటికీలోంచి ఒకసారి చీకటి ఆకాశం, ఒకసారి అద్దానికి తాకే తెల్ల నురగ. మధ్యమధ్యలో ముక్కు నీళ్ళ మీద పడితే అడుగు నుంచి ధడేల్‌మని, ఓడ ఒళ్ళంతా వణుకుతుంది. బొబ్బిలి అన్న చెప్పిన రోకలి దెబ్బ ఇదే కాబోలు.

అమ్మ గురక పెట్టి నిద్రపోతోంది. నాన్నకి తొమ్మిది నుంచి వాంతులు. రాత్రి భోజనం ముట్టలేదు. షుగర్ మాత్ర మాత్రం అలవాటు కొద్దీ సాయంత్రమే వేసేసుకున్నారట, ఇప్పుడు చెప్తున్నారు. చెమటలు పడుతున్నాయి. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

రాత్రి డ్యూటీ | నవంబరు 17, రాత్రి 2:54

ఉన్నాను. వెంటనే షుగర్ చూడండి. చూస్తూనే ఓడ ఆస్పత్రికి ఫోన్ చేయండి.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 17, రాత్రి 2:59

68. ఫోన్ చేశా. నర్సు వస్తోంది.

రాత్రి డ్యూటీ | నవంబరు 17, రాత్రి 3:00

గ్లూకోజ్ పొడి నాలుగు చెంచాలు కొద్ది నీళ్ళలో. గడగడా కాదు, గుక్క గుక్కా. ఒక పక్కకి తిప్పి ఆనుకుని కూర్చోబెట్టండి. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి.

బొబ్బిలి వంటోడు | నవంబరు 17, రాత్రి 3:06

నర్సు వచ్చేటప్పుడు తలుపు నువ్వే పట్టుకో అన్నా. హ్యాండిల్ దగ్గర.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 17, రాత్రి 3:22

91. వాంతి ఆగడానికి ఇంజక్షన్ ఇచ్చింది. ఆ అమ్మాయి అంత ఊపులోనూ గోడకి భుజం ఆనించి, ఓడ అటు ఒరిగి ఆగిన ఆ ఒక్క క్షణంలో సూది వేసింది. మనమైతే నిలబడలేం. తెల్లారాక మళ్ళీ వస్తానంది.

రాత్రి డ్యూటీ | నవంబరు 17, రాత్రి 3:25

మంచిది. గంటకోసారి చూస్తుండండి. మెలకువలో ఉన్నప్పుడే ఒక బిస్కెట్టు తినిపించండి.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 17, మధ్యాహ్నం 1:10

నాన్న బాగున్నారు. పెరుగన్నం లాంటిదేదో అడిగితే వంటవాళ్ళు అన్నం మెత్తగా చేసి పెరుగు కలిపి పంపారు. బొబ్బిలి అన్నా, మీ జాతికి దండం.

లా కొరూన్యా రద్దు. రేవు ముఖద్వారం దగ్గర పొంగు ఎక్కువగా ఉందని, రేవులోకి దారి చూపే పైలట్ పడవ మా దగ్గరికి రాలేకపోయింది. హెర్క్యులిస్ టవర్ అని రోమన్ల నాటి దీపస్తంభం ఉంది అక్కడ, ఇప్పటికీ వెలుగుతోంది. దూరం నుంచి మంచులో గీతలా కనపడింది, అంతే. పోర్టు ఫీజు మా ఖాతాలో తిరిగి వేశారు. రాత్రి షో కూడా రద్దయింది. ఎవరో పెద్దాయన వేలు తలుపులో నలిగిందని పొద్దున లిఫ్టు దగ్గర చెప్పుకుంటున్నారు.

అమ్మ ఒక్కతే టిఫినుకి వెళ్ళి గంట తర్వాత వచ్చింది. ముగ్గురు వడ్డించారట. "మీ నాన్న ముప్పై ఏళ్ళు తిప్పాడు నన్ను. ఈ ఓడ ఏం తిప్పుతుంది?" అంటోంది. మాత్ర వేసుకున్న సంగతి గుర్తుచేస్తే వినిపించుకోలేదు.

నాన్న నీరసంగా ఒకే మాటన్నారు: "నేనెప్పుడూ వెనక సీట్లో కూర్చోలేదురా."

రాత్రి డ్యూటీ | నవంబరు 17, సాయంత్రం 4:00

ఆయన సరిగ్గానే చెప్పారు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు, ఒళ్ళు ముందే సర్దుకుంటుంది. అందుకే డ్రైవర్లకి తిప్పదు. అదే మనిషిని పక్క సీట్లో కూర్చోబెడితే తిప్పుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆయనకీ మాత్ర వేయండి, వాదన పెట్టుకోకుండా.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 18, రాత్రి 9:30

లిస్బన్. పొద్దున టేగస్ నదిలోకి మలుపు తిరగగానే ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఊపు ఆగిపోయింది. 1966లో కట్టిన ఎర్ర వంతెన ఒకటుంది, దాని కింద నుంచి ఓడ వెళ్ళేటప్పుడు జనమంతా పై డెక్కు మీదికి వచ్చారు. రెండు రోజులుగా కనపడని ముఖాలన్నీ అప్పుడే కనపడ్డాయి. వంతెన దగ్గరికొస్తుంటే నాన్న తెలియకుండానే తల వంచారు.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 23, ఉదయం 10:40

నిన్న ఇల్లు చేరాం. తిరుగు ప్రయాణంలో అలలు మూడు మీటర్లే. నాన్న నోరెత్తకుండా మాత్ర వేసుకుని డెక్కు మీద తిరిగారు. గదిలో టీవీలో ఓడ ఎక్కడుందో, గాలి ఎంతో చూపించే ఛానల్ ఒకటుంది. సినిమా పెట్టుకుందామంటే ఒప్పుకోలేదు, అదే చూశారు.

అమ్మ ఇప్పుడే దోసె వేస్తూ పొయ్యి గట్టు పట్టుకుంది. నేల ఊగుతోందట.

రాత్రి డ్యూటీ | నవంబరు 23, ఉదయం 11:05

మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే చూపించండి.

ఉప్పల్ బాలు | నవంబరు 23, ఉదయం 11:30

స్కాట్లాండ్ అన్న. ఎవలన్న విన్నరా?

రీడింగ్ కుర్రాడు | నవంబరు 23, మధ్యాహ్నం 12:15

లంగరు గారూ, నాన్న ఒక ప్రశ్న అడగమంటున్నారు. నీళ్ళ కింద ఆ రెక్కలు ఉంటాయి కదా, రేవులో గట్టు పక్కకి చేరేటప్పుడు అవి తగలవా?

లంగరు | నవంబరు 23, రాత్రి 9:00

తగలవు. రేవులోకి వచ్చే ముందే లోపలికి ముడిచేస్తాం. పక్కన ఓడ పొట్టలో వాటికి గూళ్ళు ఉంటాయి.

రీడింగ్ కుర్రాడు | నవంబరు 23, రాత్రి 9:08

చదివి వినిపించా. "సందులో బస్సు పోయేటప్పుడు అద్దాలు మడిచినట్టు" అంటున్నారు.